పదికి పది వేసే ముందు: వారం వారం వచ్చే కామెడీ స్కిట్లను రివ్యూ చేయడం ఎలా

స్కిట్‌కి నవ్వొచ్చిందా లేదా చెప్పడానికి రివ్యూ అక్కర్లేదు, పక్క గదిలోంచి వినపడే నవ్వే చెప్పేస్తుంది. రివ్యూ పని వేరే. ఎందుకు నవ్వొచ్చింది, ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఇంకోలా రాసుంటే ఏమయ్యేది, ఇవన్నీ చదివేవాళ్లకి పట్టిచ్చి చివర్లో ఒక మార్కు వేస్తే, దాంతో వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీరు ఆ అంకెని గాల్లోంచి తీయలేదని మాత్రం వాళ్లకి తెలియాలి. ఒకసారి చేయడం కష్టమేం కాదు. వారం వారం, ఒకే షోకి, ఒక్కో ఎపిసోడ్‌లో ఐదారు స్కిట్లకి విడివిడిగా చేయాలంటేనే పద్ధతి లేకపోతే పదో వారానికి చేతులెత్తేస్తాం.

మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి ఏడెనిమిది మందిమి కూర్చుని ఎపిసోడ్ చూశాం. ఒక స్కిట్‌కి అందరం పడీ పడీ నవ్వాం, నేను ఆ ఊపులోనే ఐదుకి ఐదు వేసేసి, ఈ ఏడాది ఇంతకన్నా మంచిది రాదని కూడా రాసి పడేశాను. రెండు రోజుల తర్వాత ఒక్కడినే మళ్లీ పెట్టుకుంటే ఒక్క చోట కూడా పెదవి కదల్లేదు. సంగతేంటంటే ఆ రోజు మా మధ్యలో ఒక స్నేహితుడు కూర్చున్నాడు, వాడు డైలాగ్ పూర్తి కాకముందే నవ్వుతాడు, వాడి నవ్వు చూసి మేం నవ్వాం. ఆ ఐదు మార్కులూ వాడికి వేయాల్సింది.

అప్పట్నుంచి ఒంటరిగా, రెండుసార్లు చూడనిదే మార్కు వేయను.

మొదటిసారి ఎలా చూడాలి

మొదటిసారి మీరు మామూలు ప్రేక్షకుడు. ఫోన్ పక్కన పెట్టేయండి, వెనక్కి జరపొద్దు, ఆపొద్దు. చేతిలో కాగితం, పెన్ను చాలు. చిన్నగా నవ్వొస్తే ఒక గీత, బయటికి వినపడేలా నవ్వితే రెండు గీతలు, విసుగొచ్చి గడియారం చూశారా, అక్కడ ఒక సున్నా. వాక్యాలు రాయబోతే తల దించిన ఆ రెండు సెకన్లలోనే ఎవరో ఒక చూపుతో నవ్వించేసి ఉంటారు, అది మీరు చూసి ఉండరు, ఆ తర్వాత "నటన సాదాసీదాగా ఉంది" అని రాస్తారు. అందుకే గీతలు.

ఇంకొకటి, ప్రోమో చూడకండి. ప్రోమో అంటే ఆ వారం పేలిన పంచ్‌లన్నీ ఏరి ముప్పై సెకన్లలో కుక్కేసిన మూట. అది చూసి ఎపిసోడ్‌కి కూర్చుంటే ప్రతి పంచ్‌కీ "ఆ, ఇది చూసిందే" అనిపిస్తుంది, పాపం స్కిట్ తప్పేం లేకుండానే మార్కు తగ్గిపోతుంది. వేరేవాళ్ల రివ్యూలూ అంతే, మీది రాసేశాక చదువుకోండి.

రెండోసారి ఒకట్రెండు రోజుల్లోపు చూడాలి, ఈసారి ఆపుతూ, వెనక్కి వెళ్తూ. మొదటిసారి గీతలు పడ్డ చోట్ల టైమ్ రాసుకోండి. ఏ మాటకి నవ్వాం, ఆ మాటకి ముందు ఏముంది, ఎవరి మొహం మీద కెమెరా ఉంది. చాలాసార్లు ఇక్కడ ఆశ్చర్యపోతారు. పంచ్ వేసినవాడు గొప్పగా వేశాడనుకుంటాం, తీరా చూస్తే పక్కనున్నవాడు ఒక్క క్షణం ఏమీ అనకుండా నిలబడ్డాడు కాబట్టి అది పేలింది. ఆ రెండోవాడి పేరు రివ్యూలో రాయండి. లీడ్ ఇచ్చేవాళ్ల గురించి, అంటే ఎదుటివాడి పంచ్‌కి దారి వేసేవాళ్ల గురించి ఎవరూ రాయరు, అందుకే చెప్తున్నాను.

ముందు ఒక్క వాక్యం రాయండి

నా పద్ధతి మొత్తంలో ఒకటే గట్టి నియమం ఉంది. మార్కు వేయడానికి ముందు ఆ స్కిట్ కాన్సెప్ట్‌ని ఒకే వాక్యంలో రాయాలి. కథ కాదు, కాన్సెప్ట్. "భార్యాభర్తలు, అత్తగారు, మధ్యలో దొంగ వస్తాడు" అనేది కథ. "దొంగకి ఆ ఇంటి గొడవలు చూసి జాలేసి, దొంగతనం మానేసి పంచాయితీ చేస్తాడు" అనేది కాన్సెప్ట్. ఇందులో ఒక తిరకాసు ఉంది, లోకం మామూలుగా ఉంటే జరగనిది ఒకటి జరుగుతోంది, మిగతావన్నీ దాన్ని పట్టుకునే నడవాలి.

ఆ వాక్యం రాయలేకపోయారా, రెండు కారణాలుంటాయి. మీరు సరిగ్గా చూసి ఉండరు, లేదా ఆ స్కిట్‌కి కాన్సెప్టే లేదు, ఎవరో ఒకరు రావడం, ఒక పంచ్ వేయడం, పోవడం, ఇంకొకరు రావడం, ఇదే ఉంది. కాన్సెప్ట్ లేకపోవడం నేరం కాదు, వరసపెట్టి కౌంటర్ల మీద కౌంటర్లు వేస్తూ నడిపే స్కిట్లు కొన్ని అద్భుతంగా ఉంటాయి. కానీ వాటిని కొలిచే కర్ర వేరు. అక్కడ లెక్క పంచ్‌ల లెక్కే, నిమిషానికి ఎన్ని వేశారు, ఎన్ని పేలాయి, ఎన్ని పాత చింతకాయ పచ్చడి. కాన్సెప్ట్ ఉన్న స్కిట్‌కి మాత్రం లెక్క వేరు: ఆ ఒక్క ఆలోచనని ఎంత దూరం తీసుకెళ్లారు, ఎక్కడ వదిలేశారు.

ఉదాహరణకి ఒకటి అల్లి చూపిస్తాను, నిజంగా ఎక్కడా వచ్చింది కాదు. ఐదు నిమిషాల స్కిట్. ఒకాయన బ్యాంకుకి ఖాతా మూసేయడానికి వస్తాడు, కౌంటర్‌లో ఉన్నావిడ దాన్ని విడాకుల్లా తీసుకుంటుంది. ఇదీ వాక్యం.

మొదటి అర నిమిషం మామూలు బ్యాంకే. ఆయన ఫారం అడుగుతాడు, ఆవిడ తీసి ఇవ్వబోయి ఆగిపోయి, "పదేళ్లు. పదేళ్లు కలిసున్నాం" అంటుంది. నా కాగితం మీద 0:40 అని పడుతుంది. కాన్సెప్ట్ ప్రేక్షకుడికి అందిన క్షణం అది. ఐదు నిమిషాల స్కిట్‌లో ఇది నిమిషం లోపు జరగాలి, రెండు నిమిషాలైనా మనకింకా "అసలు దేని గురించిది" అనిపిస్తుంటే అక్కడే ఒక అర మార్కు పోతుంది.

1:10 దగ్గర, "మినిమమ్ బ్యాలెన్స్ కూడా లేని రోజుల్లో నీతో ఉన్నది నేనే కదా!" మంచి పంచ్. ఎందుకు మంచిదంటే ఇది బ్యాంకు మాట, కాపురం మాట కూడా, రెండూ ఒకే వాక్యంలో అతుకు కనపడకుండా కుదిరాయి. 1:50కి మేనేజర్ పెద్దమనిషి లెక్కన వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి "తొందరపడకండి, ఓ ఆర్నెల్లు చూడండి" అంటాడు. నవ్వు చిన్నదే, కానీ పని జరిగింది, ఇద్దరి మధ్య గొడవ కాస్తా ఊరి గొడవ అయింది. 2:30కి ఆవిడ "మరి పిల్లల సంగతేంటి?" అంటుంది. "ఏ పిల్లలు?" రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు తెచ్చి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి, "చిన్నాడికి ఇంకా మెచ్యూరిటీ కూడా రాలేదు" అంటుంది. నా దగ్గర ఇక్కడ రెండు గీతలు పడ్డాయనుకోండి. గమనించాల్సింది, ముందు పంచ్ మాటల్లో ఉంది, ఇది వస్తువులోకి వచ్చింది. మెట్టు ఎక్కింది. స్కిట్‌కి ప్రాణం ఇదే, ఒకే జోక్‌ని మళ్లీ చెప్పకుండా దాన్నే పైమెట్టుకి ఎక్కించడం.

3:10 దగ్గర సెక్యూరిటీ గార్డు వచ్చి ఒక సినిమా హీరోని మిమిక్రీ చేస్తాడు. బాగా చేశాడు, సెట్లో అందరూ నవ్వారు, చప్పట్లు కూడా. కానీ ముప్పావు నిమిషం పాటు ఖాతా లేదు, విడాకులు లేవు, స్కిట్ అక్కడే నిలబడిపోయింది. ఆ మిమిక్రీని తీసి ఏ స్కిట్‌లో పెట్టినా అతుకుతుంది, అంటే ఈ స్కిట్‌కి అది అక్కర్లేదు. మళ్లీ 3:55కి దారిలోకొస్తారు, ఆవిడ పాత ఫారం తీసి చదువుతుంది: "నామినీగా మీ అమ్మ పేరు రాశావు చూడు, ఆ రోజే అర్థం చేసుకోవాల్సింది నేను." మొత్తంలో బెస్ట్ లైన్ ఇదే. 4:30కి ఎదుటి బ్యాంకు ఏజెంట్ అమ్మాయి చేతిలో కరపత్రంతో లోపలికొస్తుంది, అందరూ అటు తిరుగుతారు, కౌంటర్ ఆవిడ పైనుంచి కిందికి ఒక చూపు చూసి, "ఓహో, ఈవిడేనా, జీరో బ్యాలెన్స్ అయినా పర్లేదంటోందట!" అంటుంది. లైట్లు ఆరిపోతాయి.

దీనికి నేను ఐదుకి 4 వేస్తాను. మిమిక్రీ లేకపోతే నాలుగున్నర. అదే స్కిట్ చివర్లో ఏజెంట్ రాకుండా, అందరూ కలిసి ఏదో పాటకి డాన్స్ చేసి ముగించారనుకోండి, 3. ఒక్క ముగింపుకి ఒక మార్కు పోవడం అన్యాయం అనిపించొచ్చు, కానీ నవ్విన ప్రేక్షకుడు ఇంటికి తీసుకెళ్లేది ఆఖరి పది సెకన్లే. మన కామెడీ స్కిట్లలో ఎక్కువ భాగానికి ఉన్న జబ్బు ఆరంభ శూరత్వం, మొదటి రెండు నిమిషాలు చూస్తే ఐదుకి ఐదు వేయాలనిపిస్తుంది, నాలుగో నిమిషానికి ఎవరో ఒకర్ని కొట్టి, తరిమి, స్టేజ్ చుట్టూ పరిగెత్తించి వదిలేస్తారు. ముగింపు రాయడం కష్టం అనే సంగతి కొత్తదేం కాదు. 1969లో బీబీసీలో మొదలైన మాంటీ పైథాన్ బృందం అసలు స్కిట్‌కి ముగింపు పంచ్ ఉండి తీరాలా అని తిరగబడి, మధ్యలోనే ఒక కల్నల్ వేషంవాణ్ణి పంపించి "ఇది మరీ వెర్రిగా ఉంది, ఆపండి" అని ఆపేయించేవాళ్లు. ఆ ఆపడమే జోక్ అయింది. డాన్స్ చేసి ముగించడం అలాంటిది కాదు, చేతగాక చేసింది, రెండిటికీ తేడా తెలిసిపోతుంది.

ఎవరి నవ్వు లెక్కలోకి తీసుకోవాలి

మీ నవ్వు ఒక్కటే. ఇది పట్టుబట్టి పాటించాలి, ఎందుకంటే టీవీలో మీ చుట్టూ నవ్వులే. రికార్డు చేసి ఎడిట్ చేసే షోలలో పంచ్ పడగానే జడ్జి నవ్వుతున్న షాట్, యాంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న షాట్, పైన ఒక సౌండ్ ఎఫెక్ట్. ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాడికి ఏ నవ్వు ఎక్కడ పెట్టాలో బాగా తెలుసు. రెండోసారి చూసేటప్పుడు ఒక చిన్న పని చేయండి, ఆ రియాక్షన్ షాట్ వచ్చినప్పుడల్లా దాన్ని మనసులో తీసేసి డైలాగ్ మాత్రమే చెవిన పెట్టండి. కొన్ని పంచ్‌లు అప్పుడు తుస్సుమంటాయి. కొన్నింటికి రియాక్షన్ షాటే అడ్డం, డైలాగ్ అయిన వెంటనే ఎదుటి పాత్ర మొహం చూపిస్తే ఇంకా బాగా పేలేది, అది వదిలేసి జడ్జి మొహం చూపించారు. అలాంటప్పుడు తప్పు టీమ్‌ది కాదు, రివ్యూలో ఆ ముక్క రాయాలి.

జడ్జీల మార్కుల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ మొదలైనప్పుడు నాగబాబు, రోజా జడ్జీలుగా కూర్చుని స్కిట్ అవగానే పదికి మార్కులు ఇచ్చేవాళ్లు, టీమ్ లీడర్ పేరుతోనే టీమ్‌ని పిలిచేవాళ్లు, తర్వాత జనానికి కూడా అదే అలవాటైంది, స్కిట్ అవగానే పదికి ఎంత అని అడగడం. ఆ మార్కులకి వాటి పని వాటికుంది. స్టేజ్ మీద చెమటలు పట్టి నిలబడ్డ కళాకారుడికి మొహం మీద నాలుగు అని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా, అది షోలో భాగం, ఒక రకమైన భుజం తట్టడం. మీరు స్టేజ్ ఎదురుగా లేరు కదా. మీరు రాస్తున్నది రేపు ఆ స్కిట్ చూడాలా వద్దా అనుకునేవాళ్లకి, ఇప్పటికే చూసి "నాకే నచ్చలేదా" అని అనుమానపడుతున్నవాళ్లకి. అందుకే జడ్జి మార్కుని మీ రివ్యూ మొదలుపెట్టడానికి వాడొద్దు, "పది వచ్చింది కానీ" అని మొదలుపెడితే అక్కడి నుంచి మీరు రాసేది స్కిట్ మీద కాదు, జడ్జి మీద.

లైవ్‌కి ఒక కన్ను, రికార్డింగ్‌కి ఒక కన్ను

అన్ని షోలనీ ఒకే కన్నుతో చూడకూడదు. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో 1975 అక్టోబర్ 11న మొదలైన సాటర్డే నైట్ లైవ్ ఇప్పటికీ పేరుకి తగ్గట్టు లైవే. వాళ్ల వారం ఎలా నడుస్తుందో తెలిస్తే రివ్యూ రాసే తీరే మారుతుంది. సోమవారం ఆ వారం హోస్ట్‌గా వచ్చినవాళ్లతో కూర్చుని ఐడియాలు చెప్పుకుంటారు, మంగళవారం రాత్రంతా రాస్తారు, బుధవారం అందరూ బల్ల చుట్టూ కూర్చుని నలభై దాకా స్కిట్లు పైకి చదువుతారు, అందులో కొన్నే సెట్ వేసే దాకా వస్తాయి. శనివారం సాయంత్రం ఎనిమిదింటికి ఒక ప్రేక్షకుల గుంపు ముందు మొత్తం రిహార్సల్, అక్కడ తుస్సుమన్నవి తీసేస్తారు, వరస మార్చేస్తారు, డైలాగులు మార్చేస్తారు, పదకొండున్నరకి లైవ్. అంటే మీరు చూసే డైలాగ్ కొన్నిసార్లు గంట క్రితం పుట్టింది. అందుకే నటులు పెద్ద అట్టల మీద రాసిన డైలాగులు చూసి చదువుతుంటారు, కళ్లు ఎదుటివాడి భుజం పక్కకి పోతుంటాయి. కొత్తగా చూసేవాళ్లు దీన్ని చేతగాని నటన అనుకుంటారు. దానికి మార్కు తీయొద్దు, చదువుతూ కూడా పాత్రలో ఉన్నాడా లేదా అన్నదానికి వేయండి.

రికార్డింగ్ షోకి ఈ రాయితీ లేదు. రీటేక్ ఉంది, ఎడిటింగ్ ఉంది, మిక్సింగ్ ఉంది. అక్కడ డైలాగ్ తడబడితే అది తెలిసి వదిలేసిందే. అలాగని అతి శుభ్రంగా ఉన్నా బాగోదు, కొంచెం తడబాటు ఉంటేనే మనుషులు ఆడుతున్నట్టుంటుంది. ఇది ఎవరికి వారు పట్టుకోవాల్సిన కొలత.

వరసలో ఎన్నోదో కూడా చూడండి. ఎపిసోడ్ మొదట్లో వచ్చేది ఎక్కువమందికి నచ్చేలా రాసుకుంటారు, ఆఖర్లో అర్ధరాత్రి దాటాక వచ్చేదాంట్లో వింతలు చేస్తారు. సాటర్డే నైట్ లైవ్‌లో రాత్రి ఒంటి గంటకి పది నిమిషాల ముందు వచ్చే స్కిట్ అంటేనే తిక్క స్కిట్ అని పేరు. దాన్ని మొదటి స్కిట్‌తో పోల్చి "జనానికి అర్థం కాదు" అని మార్కు తీసేస్తే మీకే అర్థం కాలేదన్నమాట. ఇప్పుడు యూట్యూబ్‌లో స్కిట్లు దేనికది ముక్కలుగా వస్తుంటే ఈ వరస పోయింది, కుదిరితే ఎపిసోడ్ మొత్తం చూసి రాయండి.

మధ్యలో నవ్వేస్తే

పాత్రలో ఉండలేక నటులే నవ్వేయడం ప్రేక్షకులకి భలే ఇష్టం, రివ్యూ రాసేవాళ్లకి తలనొప్పి. నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: స్కిట్ వాళ్లని నవ్వించిందా, స్కిట్ చాలక వాళ్లు నవ్వారా?

2004లో సాటర్డే నైట్ లైవ్‌లో వచ్చిన డెబ్బీ డౌనర్ స్కిట్ ఉంది. కుటుంబం మొత్తం డిస్నీ వరల్డ్‌కి సరదాగా వెళ్తే, వాళ్లలో ఒకావిడ ప్రతి సంతోషమైన మాటకీ ఒక రోగమో విపత్తో తెచ్చి అంటిస్తుంటుంది, అలా అన్న ప్రతిసారీ కెమెరా ఆవిడ మొహం దగ్గరికి దూసుకెళ్తుంది, వెనక నుంచి ట్రాంబోన్ నీరసంగా ఒక మూలుగు మూలుగుతుంది. ఆ పాత్ర వేసిన రేచల్ డ్రాచే ఆపుకోలేకపోయింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్లూ అంతే. కానీ చూడండి, ఆ నవ్వు ఎక్కడ నుంచి వచ్చింది? ఆ క్లోజప్ వచ్చినప్పుడు మొహం ఏడుపుగా పెట్టి తీరాలి, తప్పించుకునే దారి లేదు, మూడోసారికి మూలుగు వినపడగానే ఆవిడకి తెలుసు కెమెరా వస్తోందని. స్కిట్‌ని కట్టిన తీరే వాళ్లని ఇరికించింది. దానికి మార్కు తీయను, ఇంకో అర వేస్తాను.

అదే ప్రతి వారం ఒకే నటుడు ఒకే చోట వెనక్కి తిరిగి భుజాలు ఊపుతున్నాడంటే అది అలవాటు, ఇంకొన్నాళ్లకి అది వ్యాపారం. తీసేయండి మార్కు, మొహమాటపడొద్దు.

మళ్లీ మళ్లీ వచ్చే పాత్రలు, పేరడీలు, గెటప్‌లు

మొదటిసారి వచ్చినప్పుడు 4 వేసిన పాత్ర నాలుగోసారి అదే వేషంతో, అదే ఊతపదంతో వస్తే ఎంత వేయాలి? నేను పాత మార్కు చూడను. ఈ వారం ఈ పాత్రకి కొత్తగా ఏం జరిగింది అని ఒక వాక్యం రాస్తాను. రాయడానికి ఏమీ లేకపోతే 2 దాటదు, ఊతపదానికి ఎన్ని చప్పట్లు పడినా సరే. ఊతపదం వినగానే వచ్చే నవ్వు గుర్తుపట్టిన ఆనందం, కొత్త జోక్‌కి వచ్చే నవ్వు వేరు. రెండూ మంచివే, రెండిటికీ ఒకే ధర కట్టకూడదు.

పేరడీ అయితే అసలు తెలియకుండా మార్కు వేయొద్దు. సినిమా సీనుకి పేరడీ చేశారంటే ఆ సీను చూసి రండి, పది నిమిషాల పని. తెలిశాక అడగాల్సింది, వీళ్లు అసలులోని ఏదైనా బలహీనత పట్టుకున్నారా లేక బట్టలు, నడక, గొంతు కాపీ కొట్టి ఊరుకున్నారా అని. రెండోది వేషం, పేరడీ కాదు.

మగవాళ్లు ఆడ గెటప్ వేయడం గురించి కూడా అడుగుతుంటారు. నా లెక్క సింపుల్. చీర తీసేసి అదే డైలాగ్ చెప్తే నవ్వొస్తుందా? వస్తే అక్కడ నటన ఉంది, పాత్ర ఉంది, నేను చాలాసార్లు చూశాను, కొంతమంది ఆ పాత్రకి ఒక నడక, ఒక చూపు, ఒక విసుగు ఇచ్చి నిజంగా మనిషిని చేస్తారు. రాకపోతే నవ్వంతా చీర మీదే. అలాగే లావు, నలుపు, నత్తి, ఎత్తు, ఇలాంటివాటి మీద పడే పంచ్‌లు. ఇక్కడ నీతులు చెప్పడం నాకిష్టం లేదు, నా ఫిర్యాదు పనితనం మీద: ఆ పంచ్ రాయడానికి స్టేజ్ మీద నిలబడ్డ మనిషిని పైకీ కిందికీ చూస్తే చాలు, ఆలోచన అక్కర్లేదు. ఆలోచన లేనిదానికి ఎలా వేస్తాం మార్కు? ఒక్కటైతే వదిలేయొచ్చు, స్కిట్ మొత్తం దాని మీదే నడిస్తే ఒకటిన్నర దగ్గర ఆగిపోతాను, ఎందుకు ఆగానో కూడా రాస్తాను.

మార్కుల కొలత

తెలుగులో "ఏ గ్రేడ్" అని రాస్తే అది జవాబో ప్రశ్నో తెలిసి చావదు, అందుకని నేను అక్షరాలు మానేసి ఐదుకి వేస్తాను, అర మార్కులతో. పదికి వేస్తే ఏడుకీ ఏడున్నరకీ తేడా చెప్పలేక నేనే ఇరుక్కుంటాను.

5 అంటే ఏడాది తర్వాత కూడా ఎవరికైనా పంపిస్తాను. 4 అంటే ఈ వారమే పంపిస్తాను. 3 అంటే టైమ్ దండగ కాలేదు, అంతే, ఎక్కువ స్కిట్లు ఇక్కడే ఉండాలి, ఉంటాయి కూడా, 3ని తిట్టుగా తీసుకునే పాఠకులకి మొదటి రివ్యూలోనే ఈ ముక్క చెప్పేయండి. 2 అంటే ఒక మంచి లైన్ ఉంది, దాని చుట్టూ ఏమీ లేదు. 1 అంటే ఆ ఒక్క లైన్ కూడా లేదు. సున్నా నేను వేయలేదు, ఎవరో నిద్ర మానుకుని రాసి, గెటప్ వేసుకుని, లైట్ల కింద నిలబడ్డారు కదా.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి నెలలోనే ఐదులు పంచేస్తారు, ఆ తర్వాత నిజంగా మంచి స్కిట్ వస్తే పైకి వెళ్లడానికి చోటుండదు, ఐదు ప్లస్ అనో ఆరు అనో వేయాల్సి వస్తుంది. మొదటి నాలుగు ఎపిసోడ్లకి నాలుగు దాటకుండా ఉండి చూడండి. ఆ నాలుగు వారాల్లో మీకు ఖచ్చితంగా 3 అనిపించిన స్కిట్ ఒకటి పక్కన పెట్టుకోండి, ఎప్పుడు అనుమానం వచ్చినా "ఇది దానికన్నా బాగుందా?" అని మిమ్మల్ని మీరు అడిగితే చాలు, చాలా తగాదాలు తీరిపోతాయి.

ఎపిసోడ్‌కి మొత్తంగా మార్కు వేయాలంటే సగటు తీయకండి. ఐదు స్కిట్లకి వరసగా మూడేసి వస్తే సగటు 3, ఒకదానికి ఐదు, ఇంకోదానికి నాలుగు, మిగతా మూడూ రెండేసి వచ్చినా సగటు 3. కానీ రెండో ఎపిసోడ్‌ని జనం గుర్తుపెట్టుకుంటారు, మొదటిదాన్ని మర్నాడే మర్చిపోతారు. నేను రెండోదానికి మూడున్నర వేస్తాను, లెక్కల మాస్టారు ఒప్పుకోకపోయినా సరే.

రాసేటప్పుడు

ఒక్కో స్కిట్‌కి నాలుగైదు వాక్యాలు చాలు, మంచిదానికి లేదా మరీ ఘోరంగా తప్పినదానికి ఒక పేరా. అన్నిటికీ సమానంగా రాయాలని పెట్టుకుంటే సాదా స్కిట్ల మీద సాగదీసి, అసలు రాయాల్సినదాని మీద తొందరపడతారు. కాన్సెప్ట్ వాక్యంతో మొదలుపెట్టి, ఎక్కడ మెట్టెక్కిందో ఒకటి చూపించి, ఎక్కడ జారిందో ఒకటి చూపించి, మార్కు పడేయండి. పంచ్‌లన్నీ రాసేయకండి, ఒక్కటి చాలు, అదీ ఆఖరి పంచ్ కాకుండా. పైన బ్యాంకు స్కిట్‌లో నేను ఆఖరిది కూడా చెప్పేశాననుకోండి, అది నేనే అల్లింది కాబట్టి చెల్లింది.

"నవ్వులే నవ్వులు", "కడుపుబ్బ నవ్వించారు", "పొట్ట చెక్కలు" ఇవన్నీ కొట్టేయండి. ఇవి రాసిన చోట ఏం జరిగిందో రాయొచ్చు. "ఆవిడ రెండు రసీదులూ పక్కపక్కన సర్ది, చిన్నదాన్ని కాస్త దగ్గరికి జరుపుకుంది" అని రాస్తే చూడనివాడికి కూడా నవ్వు ఎక్కడుందో కనపడుతుంది. రాసినవాళ్లనీ నటించినవాళ్లనీ వీలైనంత విడదీయండి, పేలని డైలాగ్‌ని ప్రాణం పెట్టి చెప్పినవాడికి ఒక మాట దక్కాలి, బంగారం లాంటి డైలాగ్‌ని నమిలేసినవాడికీ ఒకటి.

ఫలానా టీమ్ అభిమానులు వస్తారు, మా అన్నకి మూడా అంటారు. మార్కు మీద వాదించకండి, వాదనకి అంతుండదు. 3:10 నుంచి 3:55 దాకా మళ్లీ చూడమనండి. చూసొచ్చి కూడా ఒప్పుకోకపోతే వాళ్లకి ఆ ముప్పావు నిమిషం నిజంగా నచ్చిందన్నమాట, ఎందుకు నచ్చిందో అడిగి తెలుసుకోండి, నేనైతే అలా రెండుసార్లు నా అభిప్రాయం మార్చుకున్నాను.

మార్చుకున్నప్పుడు పాత మార్కు చెరపకండి. దాని కింద తేదీ వేసి కొత్త మార్కు, ఒక వాక్యం కారణం రాయండి. ఆ స్నేహితుడి నవ్వుకి నేను వేసిన ఐదు ఇప్పటికీ అక్కడే ఉంది, దాని కింద రెండు అని ఉంది, పక్కన "ఒంటరిగా చూశాను" అని.